నలభై ఒకటో నోరు

మొన్న సోమవారం పొద్దున నేరేడ్‌మెట్‌లోని నా క్లినిక్‌లో ఒక పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచాడు. తెరవగానే గుప్పున ఒక వాసన వచ్చింది. బాగా మగ్గి, పగిలి, ఎవరూ ముట్టుకోక బుట్ట అడుగున మిగిలిపోయిన సీతాఫలం వాసన. తియ్యగానే ఉంటుంది, కానీ ఆ తీపి మనిషిది కాదనిపిస్తుంది. నా చేతిలోని చిన్న అద్దం ఆగిపోయింది. చిగుళ్ళు చూడకముందే, "షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు?" అని అడిగాను. "నాకు షుగర్ గిట్ల ఏం లేదమ్మా, పన్ను ఊగుతుంది, అంతే" అన్నాడాయన. మధ్యాహ్నానికి రిపోర్టు వచ్చింది. అటునుంచి అటే ఆయన్ని పెద్దాసుపత్రికి పంపించాం. ఆ సాయంత్రం ఇంటికి పోయినా వాసన నా ముక్కును వదల్లేదు. అది వచ్చిన ప్రతిసారీ నా వెనక ఎవరో నిలబడి, నా భుజం మీదుగా రోగి నోట్లోకి తొంగి చూస్తున్నట్టు ఉంటుంది. ఎవరో కాదు, డాక్టర్ సలోమి మేడమ్. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. ఆమె గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తున్నాను. ఎందుకు వాయిదా వేశానో చివర్లో చెబుతాను.

రాష్ట్రం ఇంకా ఒకటిగా ఉన్న రోజులు. సికింద్రాబాద్‌లోని ఒక దంత వైద్య కళాశాలలో, చిగుళ్ళ జబ్బుల విభాగంలో నేను పీజీ విద్యార్థిని. సలోమి మేడమ్ అక్కడ అసోసియేట్ ప్రొఫెసర్. గుంటూరు వైపు నుంచి వచ్చిన మనిషి. తండ్రి మిషన్ బడిలో లెక్కల మాస్టారట. పెళ్ళి చేసుకోలేదు. మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక వీధిలో తమ్ముడి కుటుంబంతో ఉండేవారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ సన్నంచు నేత చీరలో ఉండేవారు. గొంతు ఎంత నెమ్మదిగా ఉండేదంటే, ఆమె మాట్లాడుతుంటే గదిలో మిగతావాళ్ళం ఊపిరి తగ్గించి వినేవాళ్ళం. చిగుళ్ళ జబ్బుకూ మధుమేహానికీ ఉన్న సంబంధం ఆమె పరిశోధన. షుగర్ ఉన్నవాళ్ళ చిగుళ్ళు త్వరగా పాడవుతాయని అందరికీ తెలుసు. చిగుళ్ళను బాగు చేస్తే షుగర్ కూడా కాస్త అదుపులోకి వస్తుందా అన్నది ఆమె ప్రశ్న. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆమె జీవితంలో సగం గడిపారు.

విభాగంలో పనిచేసేవాళ్ళకు ఆమె అంటే గౌరవంతో పాటు ఒక రకమైన బెదురు ఉండేది. నేను చేరిన మొదటి వారంలో ఒక రైల్వే ఉద్యోగి వచ్చాడు. గట్టి మనిషి, నవ్వుతూ కూర్చున్నాడు. మేడమ్ అద్దం పెట్టి ఒక్క నిమిషం చూశారు. "ఈ మధ్య చూపు మసకగా ఉంటోందా అండీ?" అన్నారు. ఆయన నవ్వు ఆగిపోయింది. "మీకెట్ల తెలుసు మేడం? ఇంట్ల సుత చెప్పలే నేను." ఆయన పోయాక అటెండర్ యాదగిరి నా పక్కకు వచ్చి గుసగుసగా అన్నాడు. "ఈ మేడం నోట్ల చూసి మనిషికి ఎన్నొద్దులున్నయో చెప్తది డాక్టరమ్మా. నేనైతే ఆమె ముందల ఆవులించ సుత ఆవులించను." నేను నవ్వాను. కానీ ఆ తర్వాత ఆమెతో మాట్లాడేటప్పుడు నాకు తెలియకుండానే పెదవులు బిగించుకోవడం మొదలుపెట్టాను.

ఆమె గదిలో ఒక గోడ పొడవునా అద్దాల బీరువా ఉండేది. దాని నిండా ప్లాస్టర్‌తో పోసిన దవడల అచ్చులు. పరిశోధనలో చేరిన ప్రతి మనిషి నోటికీ మొదటి రోజు ఒక అచ్చు, ఆరు నెలల తర్వాత చివరి రోజు ఇంకో అచ్చు. ఒక్కొక్క దాని అడుగున నల్ల సిరాతో నంబరు. వరసలు వరసలుగా తెల్లటి నోళ్ళు, కొన్ని తెరుచుకుని, కొన్ని మూసుకుని. మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగిపోతే ఆ గదిలో కూర్చోవడం నాకు ఇష్టముండేది కాదు. మాట మధ్యలో ఆపేసిన మనుషులు అంతమంది మన వైపు తిరిగి ఉన్నట్టుండేది. మేడమ్ మాత్రం వాళ్ళ మధ్యనే టిఫిన్ డబ్బా విప్పుకునేవారు.

కేస్ షీట్లు రాసే పద్ధతిని ఆమె నాకు మొదటి రోజే చెప్పారు. ప్రతి పంటి చుట్టూ గీతలున్న సన్నటి ఉక్కు పుల్ల పెట్టి చిగురు ఎంత లోతుగా విడిపోయిందో మిల్లీమీటర్లలో కొలవాలి. లేని పన్ను మీద ఇంటూ గుర్తు పెట్టాలి. అంతా పెన్నుతోనే రాయాలి. "తప్పు రాస్తే అడ్డంగా ఒక గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టు. దిద్దొద్దు, చెరపొద్దు. నీ తప్పు కూడా నాకు కనిపించాలి శైలజా" అన్నారు. నేను తల ఊపాను.

ఆమె డ్రాయరులో ఒక పాత డైరీ ఉండేది. దాని చివరి పేజీల్లో ఆమె ప్రచురణల జాబితా, గుండ్రటి చేతిరాతలో. ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసినా అది రెండో పేజీ సగానికి కూడా రాలేదు. ఆమె వెనక చేరినవాళ్ళు ఏడాదికి నాలుగైదు పేపర్లు వేసి ముందుకు పోయారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "మీరెందుకు మేడమ్ ఇంత తక్కువ రాస్తారు?" "రాసినదాని కింద నా పేరు ఉంటుంది కదమ్మా. నేను పోయాక కూడా అది అక్కడే ఉండి మాట్లాడుతూ ఉంటుంది. అప్పుడు సర్దిచెప్పడానికి నేను ఉండను" అన్నారు. ఆరు నెలల పరిశోధన పూర్తయితే వచ్చే పేపరు మీదే ఆమె ప్రొఫెసర్ పదవి ఆధారపడి ఉందని ప్రిన్సిపాల్ రెండుసార్లు కబురు పంపారు. ఆమె తొందరపడలేదు. రోగుల నోళ్ళు కొలిచేది మాత్రం నేనే, ఎందుకంటే మొదటిసారి కొలిచిన చేయే చివరిసారీ కొలవాలి.

ఆ రోగుల్లో నలభై ఒకటో నంబరు కాప్రాకు చెందిన అంజమ్మ. చెరువు దగ్గర ఆకుకూరలు అమ్మేది. నలభై ఐదేళ్ళుంటాయి. పై పళ్ళ మధ్య చిన్న సందు ఉండేది. మాటకు ముందు నవ్వేది. మొదటిసారి వచ్చినప్పుడు ఆమె నోటి నుంచి ఆ సీతాఫలం వాసన వచ్చింది. మూడు నెలలకు రెండోసారి వచ్చింది, కాలికి పుండు పడిందని కుంటుతూ. ఆరు నెలలకు, దీపావళి వెళ్ళిన వారం, మూడోసారి వచ్చింది. ఆ రోజు జనం బాగా ఉన్నారు. "అంజమ్మా" అని పిలిచాను. కుర్చీల వరసలో చివర కూర్చున్న ఆమె వెంటనే లేవలేదు. ఇంకోసారి పిలిచాను. అప్పుడు మెల్లగా లేచి వచ్చింది. కుంటు లేదు. వాసన లేదు. నవ్వలేదు. నోరు తెరిచింది, చిగుళ్ళు ఎంతో బాగున్నాయి. కొలిచి, అచ్చు తీసి, రక్తం తీయించి పంపాను. ఆమె గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "మళ్ళ ఎప్పుడు పిలుస్తరు?" అని అడిగింది. "ఇదే చివరిదమ్మా, ఇక పిలవం" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది.

పరిశోధనలో అందరికంటే బాగా మానిన నోరు అదే అయింది. షుగర్ కూడా బాగా తగ్గింది. మేడమ్ ఆ అంకెలు చూసి చిన్నపిల్లలా సంబరపడ్డారు. "నలభై ఒకటి చూశావా? కాలికి పుండున్న మనిషి!" అన్నారు. పేపరు రాశారు, పంపారు, ఒక మంచి జర్నల్ వేసుకుంది. ఆమె డైరీ తీసి జాబితాలో కొత్త వరస రాస్తుంటే నేను పక్కనే నిలబడ్డాను. ఆమె పేరు తర్వాత నా పేరు ఉంది.

వేసవి వచ్చింది. ఏదో సదస్సులో చూపించడానికి బాగా మానిన రోగుల అచ్చులు ఫోటో తీయాలని మేడమ్ బీరువా తెరిచారు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించారు. కరెంటు లేదు. బల్ల మీద రెండు అచ్చులు పక్కపక్కన ఉన్నాయి. రెండింటి అడుగునా నలభై ఒకటి.

"కింది దవడ ఎడమ వైపు చూడు" అన్నారు.

మొదటి అచ్చులో దవడ పన్ను ఒకటి లేదు. ఎప్పుడో పీకించుకుంటే చిగురు కూడిపోయి నున్నగా ఉంది. రెండో అచ్చులో అదే చోట పన్ను ఉంది. గట్టి, పెద్ద పన్ను.

"పోయిన పన్ను ఆరు నెలల్లో మొలుస్తుందా శైలజా?"

ఆమె మొదటి రోజు కేస్ షీటు తీసి కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. ఆ పంటి గడిలో కాగితం పలచబడి, లోపలి నుంచి వెలుతురు చుక్కలా కనిపించింది. అక్కడ ఒకప్పుడు ఇంటూ గుర్తు ఉండేది. దాన్ని బ్లేడుతో గీకింది నేనే. మూడోసారి ఆమె నోట్లో పన్ను కనిపించగానే, మొదటి రోజు నేనే పొరపాటున గుర్తు పెట్టి ఉంటాననుకున్నాను. సంతకం పెట్టి దిద్దితే నా అజాగ్రత్త మేడమ్‌కు తెలిసిపోతుంది. గీకేసి, పాత షీట్లలో అంకెలు నింపేశాను. లేని పంటికి లోతు ఇంత అని రాశాను.

అంతా చెప్పేశాను. ఆమె తిట్టలేదు. షీటు కిందికి దించి, "ఇంకెన్ని?" అని అడిగారు. నిజంగా నాకు గుర్తు లేదు.

మర్నాడు మేమిద్దరం బస్సెక్కి కాప్రా వెళ్ళాం. చెరువు మీద ఎండ తెల్లగా పరుచుకుని ఉంది, గాలి లేదు. అడ్రసు పట్టుకుని పోతే చిన్న రేకుల ఇల్లు. తలుపు దగ్గరే ఆమె నిలబడి ఉంది. మమ్మల్ని చూడగానే చేతిలో చెంబు జారిపోబోయి పట్టుకుంది. పై పళ్ళ మధ్య ఆ సందు కనిపించింది. నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. "మేడమ్, ఈమేనండీ అంజమ్మ" అన్నాను గట్టిగా, సంతోషంగా.

లోపల నులకమంచం మీద నుంచి ఒకతను లేచి వచ్చాడు. నా వైపు వింతగా చూశాడు. "అంజమ్మనా? ఎవరమ్మా మీరు?"

"ఆసుపత్రి నుంచి వచ్చాం నాయనా. అంజమ్మగారిని చూద్దామని" అన్నారు మేడమ్.

అతను లోపలి గోడ వైపు చేయి చూపించాడు. దండ వేసిన ఫోటో. కుంకుమ బొట్టు పెట్టిన అద్దం వెనక అంజమ్మ నవ్వుతోంది. గుమ్మంలో నిలబడ్డ ఆమె ముఖమే ఆ ఫోటోలోనూ ఉంది, నవ్వు తప్ప. "మా ఆమె పోయి ఎనిమిది నెలలైతుంది. దసర ముందల. కాలు తీసేసిన్రు, అయినా దక్కలే. ఈమె సత్తెమ్మ, ఆమె చెల్లె" అన్నాడు.

దసరా ముందు. నేను ఆమె దంతాలు కొలిచింది దీపావళి తర్వాత. పేపరులో అందరికంటే బాగా కోలుకున్న మనిషి అప్పటికే మట్టిలో ఉంది. నెలలుగా చిగుళ్ళు మానుతూ, షుగర్ తగ్గుతూ, మా అంకెల్లో మాత్రం బతికే ఉంది.

సత్తెమ్మ మాతోపాటు చెరువు గట్టు దాకా వచ్చింది. బావ వినకుండా మాట్లాడాలని. నేల చూస్తూ ఒక్కసారిగా ఏడ్చింది. "తప్పయింది మేడం. అక్క పోయేముందు దవాఖాన కార్డు నా చేతిల వెట్టింది. నీకు సుత షుగరున్నట్టుంది, పో, నా పేరు చెప్పు, అక్కడ మంచిగ చూస్తరు అన్నది. అందుకే వచ్చిన."

"నీ పేరు చెప్పినా చూసేవాళ్ళం కదమ్మా" అన్నారు మేడమ్.

"అదొక్కటే కాదు మేడం." సత్తెమ్మ నా వైపు చూసింది. "అక్క పోయినంక ఆ పేరు ఇంట్ల ఎవ్వరు తియ్యరు. బావ సుత తియ్యడు. ఆడ ఈ డాక్టరమ్మ అంజమ్మా అని పిలిచింది. పిలిస్తె ఒళ్ళు ఝల్లుమన్నది. అక్క నా పక్కపొంటి కూసున్నట్టే అనిపిచ్చింది. ఇంకోపారి పిలిస్తదేమోనని జెరసేపు లేవలే."

మేడమ్ ఆమె తల మీద చేయి పెట్టారు. బస్సులో తిరిగి వచ్చాం. మెట్టుగూడ స్టాపులో దిగేముందు, "రేపు అన్ని షీట్లూ చూద్దాం" అన్నారు.

వారం రోజులు పట్టింది. తలుపు వేసుకుని, ఒక్కో షీటునూ కిటికీకి ఎత్తి పట్టుకుని చూశాం. చాలావాటిలో ఏమీ లేదు. అంతలోనే ఒకదానిలో చిన్న వెలుతురు చుక్క. మళ్ళీ కొన్ని షీట్ల తర్వాత ఇంకొకటి. వాటిలో చాలా వరకు రాత నీటుగా ఉండాలని చేసిన దిద్దుళ్ళే అయి ఉంటాయి. కానీ వాటి కింద ముందు ఏ అంకె ఉండేదో నాకు గుర్తు లేదు. ఒక్కో చుక్క కనిపించినప్పుడల్లా మేడమ్ ఆ షీటును విడిగా పెట్టేవారు. వెనక బీరువాలో ఆ తెల్లటి నోళ్ళన్నీ తెరుచుకుని ఉండేవి.

విభాగాధిపతి సంగతి విని ఆశ్చర్యపోయారు. "ఒక్క పేషెంట్‌ని తీసేయండి సలోమి. ఫలితం మారదు కదా. అచ్చయిపోయిన పేపర్ని ఎవరు తిరిగి చూస్తారు?" అన్నారు. మేడమ్ నెమ్మదిగానే, "నేను చూశాను కదండీ" అన్నారు. ఆ రాత్రే జర్నల్‌కు ఉత్తరం రాశారు, పేపరు వెనక్కి తీసుకుంటున్నానని. మర్నాడు టైపు చేయడానికి నాకిచ్చారు. అందులో నా పేరు లేదు. "కొలతలను సరిచూడవలసిన బాధ్యత నాది. నేను సరిచూడలేదు" అని మాత్రమే ఉంది. నేను టైపు చేయలేక ఏడుస్తుంటే, "నా పేరు ముందుంది కదమ్మా. మాట కూడా ముందు నాదే ఉండాలి" అన్నారు. "మరి నేనేం చేయాలి మేడమ్?" అంటే, "నువ్వు చదువు పూర్తి చెయ్యి. ముప్పై ఏళ్ళు పళ్ళు చూడాల్సిన దానివి" అన్నారు.

డైరీలోని ఆ వరసను ఆమె చింపలేదు. అడ్డంగా ఒక గీత కొట్టి పక్కన సంతకం పెట్టారు. కింద ఉన్నది చదవడానికి వీలుగానే ఉంది. ఆ ఏడాది ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు ప్రొఫెసర్ అయ్యాడు. ఆయన సన్మానానికి ఆమె పూలదండ కొని తెచ్చారు. తర్వాత ఆమె ఇంకే పేపరూ వేయలేదు. అసోసియేట్ ప్రొఫెసర్‌గానే రిటైరయ్యారు.

సత్తెమ్మను మాత్రం వదల్లేదు. ఆమెకు షుగర్ నిజంగానే ఉంది, అక్కకున్నంత కాకపోయినా. తన పేరుతో కొత్త కార్డు రాయించి నెలనెలా పిలిపించేవారు. ఒకరోజు నేను గుమ్మం దగ్గర నిలబడి ఒక సంగతి చూశాను. చూడటం పూర్తయింది. మేడమ్ కొలతలు రాసి, కార్డు మూసి, చేతులు కడుక్కున్నారు. సత్తెమ్మ కుర్చీ దిగకుండా అలాగే కూర్చుని ఉంది. మేడమ్ ఆమె పక్కన స్టూలు మీద కూర్చుని, చాలా మెల్లగా, "అంజమ్మా" అన్నారు. సత్తెమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు విడివడి పళ్ళ మధ్య సందు కనిపించింది. అంజమ్మ నవ్వే నవ్వు అది. నేను ఆ ముఖం మీద అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ గదిలో మేం ముగ్గురమే ఉన్నామని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పలేను. సత్తెమ్మ వెళ్ళాక మేడమ్ నన్ను చూసి, కాస్త సిగ్గుపడ్డట్టు, "కార్డు మూసేశాకే పిలిచాను" అన్నారు.

మేడమ్ పోయినప్పుడు మెట్టుగూడ చర్చిలో సత్తెమ్మ నా పక్కనే నిలబడింది. ఇప్పుడు ఆమె నా దగ్గరికే వస్తుంది. ముసలిదైంది. పళ్ళు ఇంకా చాలా ఉన్నాయి.

ఇక వాయిదా సంగతి. కిందటేడు నా క్లినిక్‌లో చేరిన ఒక యువ డాక్టరు, నేను మాటిమాటికీ సలోమి మేడమ్ పేరు తలుస్తుంటే కంప్యూటర్లో వెతికాడట. ఆమె రాసిన పాత పేపర్లు ఏవీ అక్కడ లేవు. అవి వచ్చిన జర్నల్సు ఎప్పుడో మూతపడ్డాయి. ఉన్నది ఒక్కటే, ప్రతి పేజీ మీదా ఐమూలగా, పెద్ద అక్షరాలతో, ఉపసంహరించబడింది అన్న ముద్రతో. "మేడమ్, మీ టీచర్ దొంగ లెక్కలు రాశారా?" అని అడిగాడు. వెటకారంగా కాదు, నొచ్చుకుంటూనే. నాకు బయట రోగులు ఎదురుచూస్తున్నారు. "తర్వాత చెప్తా" అని లేచి వెళ్ళిపోయాను. ఆ తర్వాత చెప్పనే లేదు, చెబితే నా సంగతీ చెప్పాలి కదా. ఒక ఏడాదిపాటు ఆ అబ్బాయి నా ఎదుటే తిరుగుతూ, ఆమె గురించి అలాగే అనుకుంటూ ఉన్నాడు. నేను అలా అనుకోనిచ్చాను.

ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళు ఆ పేజీ తెరిస్తే ఆ ముద్ర కింద కనిపించే మొదటి పేరు ఆమెది. రెండో పేరు నాది. దాన్ని ఎవరూ చదవరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. రేపు పొద్దున ఈ కాగితాలు ముందుగా ఆ అబ్బాయికే ఇస్తాను. డాక్టర్ సలోమి ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు. బ్లేడు పట్టుకున్న చేయి నాది.